రుజువు బరువు ఎవరిది?

మూడేళ్ల కిందట ఏప్రిల్ నెలలో మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. పదకొండో రోజు పొద్దున పాలు విరిగాయి. మర్నాడు పై అరలో ఐసు కరిగి కిందికి కారింది. అమ్మకు షుగరు. ఆమె ఇన్సులిన్ పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి, పూటపూటకూ వెళ్లి తెచ్చుకోవడం మొదలుపెట్టాం. కంపెనీకి ఫోన్ చేస్తే నాలుగో రోజున ఒక కుర్రాడు వచ్చాడు. మీటరు తీసి ప్లగ్గులో పెట్టి చూశాడు. "సార్, మీ ఏరియాలో వోల్టేజీ పైకీ కిందికీ పోతోంది. స్టెబిలైజర్ పెట్టించుకోలేదు కదా" అన్నాడు. ఫ్రిజ్ తలుపు మీద, అతని మోచేతికి జానెడు దూరంలో, 'స్టెబిలైజర్ అవసరం లేదు' అని కంపెనీవాళ్లే అంటించిన స్టిక్కర్ ఉంది. చూపించాను. చూశాడు. జాబ్ షీటులో 'కస్టమర్ సైడ్ ప్రాబ్లం' అని రాసి, సంతకం పెట్టమన్నాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. పై నుంచి చెప్పినట్టే అతను రాస్తాడు. కానీ అతను రాసిన ఆ మూడు మాటలతో వ్యవహారం తలకిందులైంది. అంతకు ముందు క్షణం దాకా వస్తువు పనిచేయడం లేదన్నది కంపెనీ జవాబు చెప్పాల్సిన విషయం. ఆ తర్వాత అది నేను రుజువు చేసుకోవాల్సిన విషయం. లోపం ఉన్న వస్తువు చేతికొస్తే కొన్నవాళ్లకు ఏం హక్కులున్నాయన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం ఇచ్చిన జవాబు బాగానే ఉంది. అయితే లోపం వస్తువులోనే ఉందని ఎవరు నిరూపించాలన్న దగ్గరే ఆ హక్కులన్నీ ఆగిపోతున్నాయి. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూడాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇంగ్లిషువాళ్ల పాత సూత్రం మీద నిలబడింది: కొనేవాడే చూసుకుని కొనాలి. ఎద్దును పళ్లు చూసి, వంకాయను పుచ్చు చూసి కొన్నట్టే అన్నీ కొనాలన్నమాట. దానికి ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి తెలివిని నమ్మి కొంటే వస్తువు ఆ పనికి పనికిరావాలి. అలాంటి సరుకు అమ్మే వ్యాపారి దగ్గర పేరు చెప్పి కొంటే అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. సూత్రంగా ఇది మంచిదే. కానీ దావా వేయాలంటే సివిల్ కోర్టుకు పోవాలి, కోర్టు ఫీజు కట్టాలి, వకీలును పెట్టుకోవాలి. రెండు వందల రూపాయల ఇస్త్రీ పెట్టె కోసం ఎవరు పోతారు? పైగా ఒప్పందం కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్యనే. తయారుచేసినవాడు ఎక్కడో కనపడకుండా ఉంటాడు.

తయారీదారుకు కూడా కొన్నవాళ్ల పట్ల బాధ్యత ఉందని తేల్చిన తీర్పు ఒక సీసాలోంచి వచ్చింది. 1928లో స్కాట్లండ్‌లోని పెయిజ్‌లీ పట్టణంలో ఒకావిడకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా రంగుగాజుది, లోపల ఏముందో కనపడదు. సగం తాగాక మిగతాది గ్లాసులో ఒంపితే కుళ్లిన నత్త పడిందని ఆవిడ ఫిర్యాదు. సీసా కొన్నది ఆవిడ కాదు, కాబట్టి దుకాణదారుతో ఆవిడకు ఒప్పందం లేదు. అయినా తయారీదారు జవాబు చెప్పాల్సిందేనని 1932లో బ్రిటన్ ప్రభువుల సభ తీర్పిచ్చింది. తన సరుకు చివరికి ఎవరి నోటికి చేరుతుందో ఊహించగలిగినవాడు వాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాలన్నది దాని సారం. మన కోర్టులు కూడా ఆ తీర్పును ఆనుకునే చాలా దూరం నడిచాయి.

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కాంగ్రెసుకు పంపిన సందేశంలో వినియోగదారుల హక్కులు నాలుగు చెప్పాడు. 1985లో ఐక్యరాజ్య సమితి మార్గదర్శకాలు వచ్చాయి. మరుసటేడు డిసెంబరు 24న మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందుకే ఆ రోజు జాతీయ వినియోగదారుల దినం. ఆ చట్టం చేసిన పెద్ద మేలు, మామూలు మనిషి తెల్లకాగితం మీద తన గోడు తానే రాసుకుని, వకీలు లేకుండా న్యాయపీఠం ముందు నిలబడే వీలు కల్పించడం. జిల్లా ఫోరం అన్న మాట మన ఊళ్లలో అప్పుడే పుట్టింది. ఇప్పుడు దాని పేరు జిల్లా కమిషన్. జనం మాత్రం ఇప్పటికీ 'కన్స్యూమర్ కోర్టు' అంటారు.

2019లో ఆ చట్టాన్ని తీసేసి కొత్తది తెచ్చారు, 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. లోపం అనే మాటకు అందులో ఇచ్చిన అర్థం చాలా విశాలం. నాణ్యత, పరిమాణం, శక్తి, స్వచ్ఛత, ప్రమాణం, వీటిలో దేనిలో తేడా వచ్చినా లోపమే. ఆ ప్రమాణం చట్టం పెట్టింది కావచ్చు, ఒప్పందంలో ఉన్నది కావచ్చు, అమ్మేవాడు నోటితో చెప్పింది కావచ్చు. మా ఫ్రిజ్ మీది స్టిక్కర్ కూడా చెప్పిన మాటే. కొన్నవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా వినియోగదారులే. అంటే కూతురికి సారెలో పెట్టిన వాషింగ్ మిషన్ పాడైతే బిల్లు తండ్రి పేరున ఉందని కూతురిని వెనక్కి పంపలేరు. వాయిదాల మీద కొన్నా హక్కు ఉంటుంది. వ్యాపారం కోసం కొన్నవాళ్లకు ఈ చట్టం వర్తించదు కానీ, సొంత కష్టంతో బతకడానికి కొనుక్కున్న దర్జీ కుట్టు మిషనుకూ, డ్రైవరు ఆటోకూ వర్తిస్తుంది.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు కింద ఎర్రసిరాతో అచ్చువేసే దుకాణాలు ఇంకా ఉన్నాయి. లోపం ఉన్న సరుకు విషయంలో ఆ ఎర్రసిరాకు విలువ లేదు. బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే దాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది, లేకుండా ఇంత తగ్గిస్తా" అనే మాటకు మనం తల ఊపిన ప్రతిసారీ ఆ తగ్గింపుతోపాటు హక్కును కూడా వదులుకుంటున్నాం. ఇది నేను మా ఇంట్లోవాళ్లకే ఎన్నిసార్లు చెప్పానో.

ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది కూడా సులువైంది. ముందు అమ్మినవాళ్ల ఊరికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మనం ఉండే ఊళ్లోనో, పనిచేసే ఊళ్లోనో వేయవచ్చు. ఢిల్లీ కంపెనీ మీద శ్రీకాకుళంలో కూర్చుని కేసు వేసే వీలుంది. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్, 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేనే లేదు. కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో వేయాలి. ఇంటర్నెట్‌లో వేయడానికి 2020లో ఈ-దాఖిల్ వచ్చింది, 2025 నుంచి ఈ-జాగృతి. అంతకన్నా ముందు చేయగలిగిన పని 1915కు ఫోన్ చేయడం, తెలుగులోనే మాట్లాడవచ్చు. చాలా చిన్న తగాదాలు ఆ ఫోనుతోనే తేలిపోతాయి, ఎందుకంటే కంపెనీకి కేసుకన్నా ఒక మిక్సీ మార్చడం చవక.

ఇన్ని హక్కులుంటే మరి జనం ఎందుకు ఓడిపోతున్నారు?

ఇక్కడికి వస్తుంది రుజువు. పైకి కనపడే లోపమైతే చిక్కు లేదు. పగిలిన టీవీ తెర, కుట్టు ఊడిన చెప్పు చూస్తే తెలుస్తాయి. లోపలి లోపమైతే చట్టం లాబొరేటరీ పరీక్ష అడుగుతుంది. కమిషన్ నమూనా తీసుకుని, సీలువేసి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి. దాని ఖర్చు ముందు ఫిర్యాదుదారునే కట్టమనవచ్చు. సెల్‌ఫోన్ మదర్‌బోర్డు తనంతట తానే కాలిందా, నీళ్లు తగిలి కాలిందా అని స్వతంత్రంగా చెప్పే ప్రయోగశాలను జిల్లా కేంద్రంలో వెతకబోతే దొరకడం కష్టం. ఉన్న నిపుణుడు ఒక్కడే, కంపెనీ సర్వీస్ సెంటర్ మనిషి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల జీతగాడి మాటే సాక్ష్యమవుతోంది. 'వాటర్ డ్యామేజ్', 'ఫిజికల్ డ్యామేజ్', 'ఎలక కొరికింది', 'ఓవర్‌లోడ్', 'వోల్టేజీ' అన్న మాటలు జాబ్ షీటులో పడ్డాయంటే, వాటిని కొట్టేయడానికి మన చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఈ చిక్కును మన కోర్టులు స్పష్టంగా గుర్తించింది తెలుగు రైతుల కేసుల్లో. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం. దాని గురించి వివరంగా చెబుతాను.

ఫ్రిజ్ మీద మేం వేసిన కేసు వాయిదాకు వెళ్లిన రోజు కమిషన్ వరండాలో బెంచీ మీద నా పక్కన ఒక మిరప రైతు కూర్చున్నాడు. మూడెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఒళ్లో ఒక బట్ట సంచీ. దాని నిండా ఖాళీ విత్తనాల ప్యాకెట్లు, పది గ్రాములవి, ఒక్కొక్కటీ అంచు మాత్రమే కత్తిరించి, మడతపడకుండా రబ్బరుబ్యాండు వేసి పెట్టుకున్నాడు. "చెట్టు ఏపుగా పెరిగింది బాబూ, కాయ పట్టలా. పట్టిన కాయ మూడు రకాలుగా ఉంది" అన్నాడు. ఒక ప్యాకెట్ తీసి లాట్ నంబరు ఉన్న చోట బొటనవేలు పెట్టి చూపించాడు. ఆ అంకెలు చదవడం అతనికి రాదు, కానీ అవి ఎక్కడున్నాయో తెలుసు. అమ్మవారికి పెట్టిన నైవేద్యంలాగా వాటిని దాచుకున్నాడనిపించింది.

విత్తనం మిగతా వస్తువుల్లాంటిది కాదు. అది మంచిదో కాదో తెలుసుకోవడానికి రైతుకు ఉన్న ఏకైక మార్గం దాన్ని భూమిలో వేయడం. వేశాక అది ఇక విత్తనం కాదు. అది చెడ్డదని తేలేనాటికి ఎరువు, మందు, కూలీ, కౌలు, అదను అన్నీ అయిపోయి ఉంటాయి. బయట అమ్మే ప్రైవేటు హైబ్రిడ్ విత్తనాల్లో ఎక్కువ భాగం ధ్రువీకరణ పొందినవి కావు. ధ్రువీకరించినదానికి నీలిరంగు ట్యాగు ఉంటుంది. కంపెనీ తన మాట మీద తానే నాణ్యత రాసుకున్నదానికి లేత ఆకుపచ్చ ట్యాగు. 1966 విత్తన చట్టం ప్రకారం తప్పు విత్తనం అమ్మినవాడికి మొదటిసారి పడే జరిమానా 500 రూపాయల దాకా మాత్రమే. రెండోసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. రైతుకు పరిహారం అన్న మాటే అందులో లేదు. దాని స్థానంలో కొత్త బిల్లు 2004లోనే రాజ్యసభ ముందుకు వచ్చింది, చట్టం కాలేదు.

అందుకే రైతులు వినియోగదారుల ఫోరాల మెట్లెక్కారు. పొద్దుతిరుగుడు విత్తనం మొలవక నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతు ఒకరు వేసిన కేసు 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విత్తనాన్ని ప్రయోగశాలకు పంపలేదు కదా అని కంపెనీ వాదన. రైతు కొన్నదంతా చల్లేశాడు, నమూనా ఎక్కడి నుంచి తెస్తాడు? అదే లాట్ విత్తనం కంపెనీ దగ్గర ఉంటుంది కదా, పరీక్షకు పంపమని కంపెనీయే అడగాల్సింది, అడగలేదు. రైతుకు వచ్చిన పరిహారాన్ని కోర్టు నిలబెట్టింది. తర్వాత 2012 జనవరిలో జాతీయ విత్తన సంస్థ వేసిన అప్పీళ్ల మీద, అవీ ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులే, సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. రైతు వినియోగదారుడే. విత్తన చట్టం ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. విత్తనమంతా నాటేసిన రైతును నమూనా తెమ్మనడం న్యాయం కాదు. వ్యవసాయ అధికారులు పొలానికి వెళ్లి చూసి ఇచ్చిన నివేదికలు చాలు.

ఆ తీర్పులు రుజువు బరువును రైతు భుజం మీద నుంచి కొంత దించాయి. పూర్తిగా దించలేదు. 2005లో హర్యానా విత్తన సంస్థ కేసులో ఇదే సుప్రీంకోర్టు, పంట సరిగా రాలేదంటే తప్పు విత్తనానిదేనని అనుకోలేమని చెప్పి రైతులను వెనక్కి పంపింది. అందులోనూ న్యాయం లేకపోలేదు. లోతుగా నాటినా, తేమ చాలకపోయినా మంచి విత్తనం కూడా మొలవదు. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల మీద నల్లతామర పురుగు పడ్డప్పుడు ఏ విత్తనం వేసినవాళ్లూ మిగల్లేదు. తేడా ఎక్కడుందో తేల్చేది పొలంలో నిలబడి చూసిన శాస్త్రవేత్త నివేదిక. ఆ శాస్త్రవేత్తను పంట చేలో ఉండగా రప్పించుకోగలిగిన రైతు గెలుస్తున్నాడు. పంట దున్నేశాక ఫిర్యాదు చేసినవాడు ఓడిపోతున్నాడు. మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చిన అర్జీ, దాని మీద అందినట్టు పడిన ముద్ర, ఈ రెండింటి విలువ కమిషన్ గదిలో కూర్చుంటేగానీ తెలియదు.

మరో ముడి ఉంది. చాలా ఊళ్లలో విత్తనం అమ్మే దుకాణదారే ఎరువు అప్పిస్తాడు, పంట కూడా అతనే కొంటాడు. బాకీ ఉన్నవాడి మీద కేసు వేసి వచ్చే ఏడాది పెట్టుబడికి ఎక్కడికి పోవాలి? కౌలు రైతుకైతే పాసుపుస్తకం కూడా ఉండదు. ఆ పొలం తాను సాగుచేశాననే రుజువు అతను విడిగా తెచ్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం నకిలీ విత్తనాలు అమ్మేవాళ్లను పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కిందికి తెచ్చింది. పట్టుకుని లోపల వేయడం మంచిదే. కానీ అమ్మినవాడు జైల్లో ఉన్నంత మాత్రాన ఎండిన చేను అప్పు తీరదు. రైతుకు కావలసింది డబ్బు, అది కూడా మళ్లీ విత్తే అదనులోపు. మన ప్రభుత్వాలు శిక్ష మీద పెట్టిన శ్రద్ధలో సగం పరిహారం మీద పెట్టలేదని నా గట్టి నమ్మకం.

బరువు మార్చిన ఇంకో తీర్పు కార్ల విషయంలో వచ్చింది. 2015లో కొన్న ఒక హ్యుందాయ్ క్రెటా 2017లో ప్రమాదానికి గురైంది. ముందు భాగం దెబ్బతిన్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. దెబ్బ వాటిని తెరిచేంత బలంగా తగలలేదన్నది కంపెనీ వాదన. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ఎయిర్‌బ్యాగులున్నాయని చెప్పి అమ్మితే ముందు నుంచి గుద్దుకున్నప్పుడు అవి తెరుచుకుంటాయనే కొన్నవాళ్లు నమ్ముతారు, వేగమూ బలమూ లెక్కగట్టడానికి వాళ్లేమీ భౌతికశాస్త్రం పండితులు కారని అంది. మూడు లక్షల పరిహారాన్నీ, కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్నీ నిలబెట్టింది. అయితే ఇదే కోర్టు 2006లో మరో కార్ల కేసులో, లోపమున్న భాగాన్ని మాత్రమే మారుస్తామని వారంటీలో ఉంటే బండి మొత్తం మార్చమనడం కుదరదని చెప్పిన సంగతి మరవకూడదు. అందుకే వారంటీ కాగితం చదవాలి. ఫ్రిజ్ కంప్రెసర్‌కు పదేళ్లు అని పెద్దక్షరాల్లో రాస్తారు. గ్యాసు, కూలీ, రవాణా మనవేనన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది.

2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక కొత్త అధ్యాయమే ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికో ఆస్తికో హాని జరిగితే తయారీదారు, అమ్మినవాడు, సర్వీసు చేసినవాడు, ఎవరి వంతు ఎంతో అందులో రాశారు. వారంటీలో ఇచ్చిన మాట తప్పితే, ఆ మాట ఇవ్వడంలో తన నిర్లక్ష్యం లేదని తయారీదారు రుజువు చేసుకున్నా బాధ్యత తప్పదు. ఇది చాలా బలమైన మాట. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో పెట్టిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి చనిపోయారు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకోవడం అందరూ చేసే పని. అలాంటి ఇళ్లలో కాలిపోయిన బ్యాటరీ తప్ప రుజువు ఏం మిగులుతుంది? హాని జరిగాక పరిహారం సరే, జరగకముందే సరుకు వెనక్కి రప్పించే అధికారం 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఐఎస్‌ఐ ముద్ర లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో అమెజాన్‌కూ ఫ్లిప్‌కార్ట్‌కూ లక్ష చొప్పున జరిమానా వేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇవ్వమంది. అక్కడ ఏ గృహిణీ కుక్కర్ పేలిందని రుజువు చేయనవసరం లేకపోయింది.

అదే పద్ధతి బంగారంలో ఇంకా ముందుకు వెళ్లింది. ఒకప్పుడు 22 క్యారెట్లని కొన్న గాజులు కరిగిస్తేగానీ అసలు సంగతి తెలిసేది కాదు. 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తు లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ గుర్తును భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. రాసినదానికన్నా స్వచ్ఛత తక్కువని పరీక్షలో తేలితే, తగ్గినదాని విలువకు రెట్టింపూ, పరీక్ష ఖర్చూ ఇవ్వాలని బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. ఎవరు పరీక్ష చేయాలి, ఎంత ఇవ్వాలి, రెండూ ముందే తేల్చిపెట్టారు కాబట్టి వాదనకు చోటు తగ్గింది. బంగారానికి చేయగలిగింది బ్యాటరీకీ, విత్తనానికీ ఎందుకు చేయలేరు?

పరాయి దేశాల్లో ఉన్న మనవాళ్లకు తేడా బాగా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరిగిచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. ఆ తర్వాత కూడా, ఆరు నెలల లోపు బయటపడిన లోపం అమ్మిననాడే ఉన్నట్టు చట్టం అనుకుంటుంది. కాదంటే అమ్మినవాడు రుజువు చేయాలి. సింగపూర్‌లో 2012 నుంచి ఇదే ఆరు నెలల నియమం. కాలిఫోర్నియాలో కొత్త కారు 18 నెలల్లో లేదా 18,000 మైళ్లలోపు ఒకే జబ్బుతో నాలుగుసార్లు షెడ్డుకు వెళ్లినా, మొత్తం 30 రోజులు షెడ్డులో ఉన్నా అది బాగుపడని కారనే అనుకుంటారు. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు మా ఫ్రిజ్ సంగతి విని "అన్నయ్యా, రెండు వారాల్లోనే పాడైతే మీరు నిరూపించడమేంటి?" అని అడిగాడు. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

మన చట్టంలో ఈ అనుకోలు నియమం లేదు. ఉండాలని నేను అంటాను. ఇంటి సామాన్లకు, ఫోన్లకు, వాహనాలకు మొదటి ఆరు నెలలు. విత్తనానికి ఒక పంటకాలం, అదే లాట్ నమూనాను కంపెనీయే సీలువేసి ప్రభుత్వ ప్రయోగశాలలో దాచిపెట్టాలన్న షరతుతో. దీనివల్ల చిన్న దుకాణదారు నలిగిపోతాడని ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చను. మా ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు నడిపే పెద్దాయన గోడు నేను విన్నాను. కస్టమర్ వచ్చి గొడవపడేది ఆయనతోనే, డబ్బు మాత్రం కంపెనీ దగ్గర. వాపసు తీసుకున్న సరుకు ఆరు నెలలు గోడౌన్‌లో మూలుగుతుంది. కాబట్టి బరువు కంపెనీ మీదికి వెళ్లాలి, మధ్యలో ఉన్న దుకాణం మీద ఆగిపోకూడదు. కొన్నవాళ్లకు ఇచ్చిన డబ్బును దుకాణదారు కంపెనీ నుంచి ఇన్ని రోజుల్లో రాబట్టుకునేలా నియమం పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

ఇక కాలం. పరీక్ష అక్కర్లేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. అవతలివాళ్లు జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, మరో 15 రోజులు, అంతే. ఆ 45 దాటితే ఒక్కరోజు కూడా పొడిగించే వీలు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ అధ్యక్షుడి కుర్చీయో సభ్యుడి కుర్చీయో ఖాళీగా ఉంటే పీఠం కూర్చోదు. కూర్చోకపోతే తేదీ మారుతుంది. గెలిచాక అప్పీలుకు పోయే కంపెనీ సగం సొమ్ము డిపాజిట్ చేయాలన్న నియమం మాత్రం చాలా మేలు చేసింది. ఉత్తినే లాగడానికి వేసే అప్పీళ్లకు అది కళ్లెం.

మా కేసుకు పదిహేడు నెలలు పట్టింది. కంపెనీ వకీలు వోల్టేజీ వాదనే తెచ్చాడు. మా అమ్మాయి మొదటి రోజునే ఫోన్లో తీసిన స్టిక్కర్ ఫొటోను సభ్యురాలు అద్దాలు సర్దుకుని దగ్గరగా చూసింది. "స్టెబిలైజర్ అక్కర్లేదని అంటించింది మీరే కదండీ" అంది. వకీలు మరో తేదీ అడిగాడు. ఆ తేదీ తర్వాత రెండు వాయిదాలకు ఆదేశం వచ్చింది: ఫ్రిజ్ ధర, దాని మీద వడ్డీ, ఖర్చులు.

ఆ పదిహేడు నెలలూ చచ్చిన ఫ్రిజ్ మా వరండాలోనే ఉంది. ఎప్పుడైనా పరీక్షకు అడుగుతారేమోనని పాత సామాన్లవాడికి ఇవ్వలేదు, తలుపు మీది స్టిక్కర్‌కు ఎండ తగలకుండా అమ్మ పాత చీర కప్పింది. తలుపు పూర్తిగా మూతపడకుండా మధ్యలో ఒక కర్రముక్క పెట్టి, లోపల అరల్లో చింతపండు ఉండలు, వడియాల డబ్బాలు పెట్టుకుంది. డబ్బు ఖాతాలో పడిన తర్వాతి ఆదివారం కంపెనీ మనుషులు దాన్ని తీసుకుపోవడానికి ట్రాలీ తెచ్చారు. అమ్మ డబ్బాలన్నీ ఒక్కొక్కటే బయటకు తీసి, చీర మడతపెట్టుకుంది. మిరప రైతు కేసుకు ఆ వారంలో మళ్లీ వాయిదా ఉందని గుర్తుకొచ్చి, వాళ్లు వెళ్లిపోయాక అతనికి ఫోన్ చేశాను. ప్యాకెట్లు భద్రంగా ఉన్నాయన్నాడు.